కాని కాలంలో నిమ్మపూత

చెట్లకు నీళ్ళు ఆపేద్దామన్న మాట మొదట అన్నది పెద్దక్కే. వరసగా రెండేళ్ళు వాన మొహం చాటేసింది. తోటల వాడలోని బోర్లు ఒకదాని వెనక ఒకటి గాలి కక్కి ఆగిపోయాయి. చివరికి ఉమ్మడి బోరు ఒక్కటే మిగిలింది. అది ఆయాసపడుతూ తోడిన నీళ్ళు గట్టు మీది సిమెంటు తొట్టిలోకి చేరేవి. తొట్టి నుంచి గొట్టాల గుండా తోటలకు పోయేవి. ఆ కాస్త నీటిని నిమ్మచెట్లకూ కూరమళ్ళకూ కలిపి పంచితే రెండూ దక్కవన్న సంగతి అందరికీ తెలుసు. అయినా ఎవరూ నోరు విప్పలేదు. చెట్లకు ఆపమని మళ్ళవాళ్ళు అంటే స్వార్థమవుతుంది, అనవలసింది చెట్లున్నవాళ్ళు. చెట్లున్నవాళ్ళలో అందరికన్నా పెద్ద తోట పెద్దక్కది.

నిమ్మకాయలు ఏరి తూకం వేసే రేకుల షెడ్డులో, ఖాళీ గోనెసంచుల మీద అందరూ కూర్చుని ఉండగా ఆవిడ లేచి నిలబడింది.

"చెట్టయితే నాలుగాకులు రాల్చుకుని ప్రాణం బిగబట్టుకుంటుంది. చిక్కుడు తీగ అట్లా కాదు, ఒక్క తడి తప్పితే దాని పని అయిపోయినట్టే. ఈ ఏడు నిమ్మకాయ సంగతి మరిచిపోదాం. ఉన్న నీళ్ళన్నీ కూరలకే. ముందు నా తోటకే ఆపండి."

వంకాయలు పండించే రేడియో తొడ చరిచాడు. మొదలుపెడితే ఆపే మీట దొరకదని వాడంతా కలిసి అతనికి పెట్టిన పేరది.

"విన్నారా! నోటి దగ్గరి ముద్ద తీసి పక్కవాడికి పెట్టడమంటే ఇదీ. పెద్దక్క అన్నాక ఇంక అప్పీలు లేదు. లేవండి, లేవండి."

అలా ఒప్పందం కుదిరింది. వంతుల ప్రకారం మళ్ళకు నీళ్ళు వదిలే పని మోటారు మామది. ఆయన ఎవరికీ వరసకు మామ కాడు, అందుకే అందరికీ మామ. తొట్టి కింద వాల్వులుండే గదికి రెండు తాళంచెవులు: ఒకటి ఎప్పుడూ ఆయన నడుముకు వేలాడేది, రెండోది పెద్దక్క దగ్గర ఉండేది. ఆవిడ దగ్గరే ఎందుకుండాలని ఎవరూ అడగలేదు. వయసులో తనకన్నా పెద్దవాళ్ళు కూడా ఆవిడను పెద్దక్క అని పిలవడానికి ఏది కారణమో, ఆ తాళంచెవి ఆవిడ దగ్గర ఉండడానికీ అదే కారణం.

ఆ ఏడు కరువు మెట్టుమెట్టుగా దిగింది. ముందు కీరదోసకాయలు చేదెక్కాయి. చిక్కుడుకాయలు గింజ పట్టకముందే పీచు పట్టాయి. టమాటాలు గోలీకాయలంత అయి, అడుగున నల్లమచ్చ వేశాయి. కాపు తగ్గేసరికి లారీ రోజూ రావడం మానేసింది. లారీ రాని రోజున కోసిన కూరలు బుట్టల్లోనే వాడిపోయాయి. వాడిన సరుకు చూసి మార్కెట్ యార్డులో వ్యాపారులు పెదవి విరిచారు. వాళ్ళు పెదవి విరిచేసరికి ఆ వచ్చే లారీ కూడా వేరే దారి చూసుకుంది. తాతల నాటినుంచి కూరలు పండించి అమ్మినవాళ్ళు సందు చివరి కొట్టులో, ఎక్కడినుంచో వచ్చిన కూరలు కొనుక్కుని, సంచి కనిపించకుండా చంకలో ఇరికించుకుని గోడవారగా నడిచేవారు. అలా వస్తూ ఇద్దరు ఎదురుపడితే ఇద్దరూ తలెత్తి ఆకాశంలోకి చూసేవారు, మబ్బు కోసం వెతుకుతున్నట్టు.

పెద్దక్క తన తోటలోకి పోవడం తగ్గించింది. ఇచ్చిన మాట తేలిక కాదని మాట ఇచ్చిననాడే తెలుసు. దాని బరువు రోజూ కళ్ళతో చూసి తూచుకోవడం ఎందుకని ఆవిడ ఉద్దేశం. చూసి వచ్చి చెప్పే పని భర్త పెట్టుకున్నాడు. ఆయన్ను వాడలో తుమ్ములాయన అంటారు. ఏళ్ళ తరబడి వదలని జలుబు ఆయన ముక్కును ఎందుకూ పనికిరాకుండా చేసింది. పాలు మాడినా సరే, పొగ కళ్ళకు కనిపిస్తే గానీ ఆయనకు తెలియదు.

"ఏమే, ఆ చివరి వరస చూశావా? ఆకులు పడవల్లా ముడుచుకుపోయాయి. కొమ్మల కొసలు ఎండుతున్నాయి."

"చూశాను."

"ఎప్పుడు చూశావ్? నువ్వు పెరటి గుమ్మం దాటి ఎన్నాళ్ళయింది?"

"చూశానంటే చూశాను. ఊరుకోండి."

"ఊరుకుంటాలే. ఊరందరికీ నీళ్ళు పంచిన మహాతల్లి సొంత చెట్టుకు చెంబెడు పొయ్యలేకపోయింది" అని ఆయన గట్టిగా తుమ్మాడు. వేళాకోళానికే అన్నాడు. కానీ ఆ మాట ముల్లులా విరిగి ఆవిడ లోపలే ఉండిపోయింది.

కరువు సాయం సంగతి వినడానికి అధికారి ఒకరు పట్నంలోని యార్డుకు వస్తున్నాడని కబురు రాగానే వాడంతా బస్సెక్కింది. పెద్దక్కే ముందు నడవవలసింది. మోకాలు వాచి అడుగు వేయనివ్వలేదు. అది నిజంగానే వాచింది. తరువాతి రోజుల్లో ఆవిడ ఈ సంగతిని పదేపదే తనకు తాను గుర్తుచేసుకుంది, ఆ ఒక్క నిజం మిగతావాటన్నిటికీ పూచీ పడుతుందేమో అన్నట్టు. తుమ్ములాయన ఆవిడ బదులుగా వెళ్ళాడు. మోటారు మామ కూడా, మొరాయిస్తున్న స్టార్టరు బాగుచేయించుకురావడానికి, అదే బస్సులో వెళ్ళాడు.

"తొట్టి నిండుగా ఉంది పెద్దక్కా. సాయంత్రం వంతు చిక్కుడు మడిది. నేను వచ్చి వదులుతాను" అని గేటు దగ్గర ఆగి చెప్పి మరీ వెళ్ళాడు.

చిక్కుడు మడి ఆవిడ తోడికోడలిది. మరిది లారీ నడుపుతూ నెలల తరబడి ఇంటి మొహం చూడడు. ఆమె ఇల్లు ఆ మడి మీదే గడుస్తుంది. తీగ అప్పుడే పిందె పడుతోంది.

ఎండ నడినెత్తికి వచ్చాక పెద్దక్క కర్ర ఊతతో తోటలోకి పోయింది. కొమ్మ బతికుందో లేదో తెలుసుకోవడానికి తోటవాళ్ళు గోటితో బెరడు గీకి చూస్తారు. లోపల పచ్చగా కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు. ఆవిడ గీకిన మొదటి కొమ్మ లోపల మట్టిరంగు. రెండోదీ అంతే. కొమ్మ వెంట కిందికి, ఇంకా కిందికి, మొదలు దాకా గీకుతూ పోతే అక్కడ సన్నగా, ఉందా లేదా అన్నంత పచ్చదనం. ఆవిడ ఆ గాటు మీద బొటనవేలు అదిమిపెట్టి చాలాసేపు నిలబడింది, నెత్తురు కారకుండా ఆపుతున్నట్టు.

ఆ పైన ఆవిడ వేసిన ప్రతి మెట్టూ సబబైనదే. ఒక్క వరస తడిపితే తొట్టిలో తగ్గినట్టయినా తెలియదు. తగ్గినా చిక్కుడు మడికి సరిపడా మిగులుతుంది. మిగలకపోయినా మామ స్టార్టరు తెచ్చాక బోరు మళ్ళీ నింపుతుంది. ఆవిడ గది తాళం తీసి తన తోట వాల్వు తిప్పింది. నెలల తరబడి ఎవరూ ముట్టని చక్రం కిర్రుమంది. నెర్రెలు విచ్చిన పాదుల్లోకి నీళ్ళు దిగుతుంటే నేల గుటకలు వేసింది. ఒక వరస తడిపి ఆపుదామనుకున్న మనిషి గట్టు మీద కూర్చుండిపోయింది. తడిసిన చెట్టు పక్కనే ఎండిన చెట్టు నిలబడి ఉంటే, దీనికి పోసి దానికి పొయ్యకపోవడం ఆవిడకు అన్యాయంగా తోచింది. ఎవరికీ తక్కువ చేయకుండా పంచడంలో ఆవిడకున్న పేరు అటువంటిది. గొట్టంలో నీటి మోత పోయి గాలి ఈల వేసినప్పుడు గానీ ఆవిడకు తెలివి రాలేదు.

తొట్టిలోకి తొంగి చూస్తే అడుగున నాచు కనిపిస్తోంది.

ఆవిడ రాలిన ఆకులన్నీ ఎత్తుకొచ్చి తడి పాదుల మీద మందంగా పరిచింది. ఆ పూట మోకాలి నొప్పి ఎక్కడికి పోయిందో తెలియదు.

సాయంత్రం బస్సు దిగినవాళ్ళ కేకలు ఇంటిదాకా వినిపించాయి. తొట్టి దగ్గర జనం గుమిగూడారు.

"నిండా ఉందయ్యా, పొద్దున నా కళ్ళతో చూసి వెళ్ళాను" అంటున్నాడు మోటారు మామ, స్టార్టరు చంకలో పెట్టుకుని.

"మరి కాళ్ళొచ్చి నడిచిపోయాయా?" అన్నాడు రేడియో.

"తాళం కూడా వేశాను."

"తాళం వేసే ఉంది మామా, అదేగా నేననేది. తాళం తాళంలాగే ఉంది, నీళ్ళే నీళ్ళలాగా లేవు. పొద్దున మన బస్సు పక్కనుంచి ట్యాంకరు ఒకటి ఇటువైపే వచ్చింది. నేను చూశాను. నువ్వూ చూశావు. చూసి మొహం అటు తిప్పుకున్నావు."

"మొహాన ఎండ కొడుతోందని తిప్పుకున్నానయ్యా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో సంగతి తేలిపోయినట్టయింది. కరువు రోజుల్లో నీళ్ళు అమ్ముకునేవాళ్ళ కథలు అందరూ విన్నవే. విన్న కథకు మనిషి దొరికాడు. రెండో తాళంచెవి సంగతి ఎవరికీ తోచలేదు. తోచీ దాచారని కూడా అనలేం. రోజూ ఆనుకుని కూర్చునే గోడను ఎవరు మాత్రం పరికించి చూస్తారు?

బాగుచేయించిన స్టార్టరుతో బోరు మళ్ళీ తొట్టిలోకి చాలినన్ని నీళ్ళు పోసేసరికి చిక్కుడు పిందె అంతా రాలిపోయింది. తీగ పందిరి మీదే కాగితంలా ఎండింది. అప్పుడు అందరూ షెడ్డులో చేరారు.

"పెద్దక్కా, ఆ రోజంతా నువ్వు ఇంటి దగ్గరే ఉన్నావు. గట్టు దగ్గర ట్యాంకరేమైనా ఆగిందా?" అని రేడియో అడిగాడు.

ఆవిడకు ఆ క్షణాన దారి తెరిచే ఉంది. ఇంత సూటిగా అడిగితే అంతే సూటిగా చెప్పేయవచ్చు.

"నేను చూడలేదు" అంది.

ఆ మాటలో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ట్యాంకరు రాలేదు గనుక ఆవిడ చూడలేదు. కానీ విన్నవాళ్ళు విన్నది వేరు: పాపం పెద్దక్క నొప్పితో లోపల పడుకుని ఉంటుంది, మామ అదను చూసుకున్నాడు. వాళ్ళు అలా వింటారని ఆవిడకు తెలుసు. తెలిసి, ఆ మాటనే ఎంచుకుంది.

మోటారు మామ ఆవిడ వైపు తిరిగాడు. "మీరు చెప్పండి పెద్దక్కా. ఇన్నేళ్ళుగా నన్ను చూస్తున్నారు. నేను నీళ్ళు అమ్ముకునేవాడినా?"

ఆవిడ నీళ్ళు నమిలింది. "అందరూ ఎలా అంటే అలా" అంది.

ఆయన నడుము దగ్గరి తాళంచెవి విప్పి తెచ్చి ఆవిడ చేతిలోనే పెట్టాడు. అది ఆయన ఒంటి వేడితో వెచ్చగా ఉంది. మోటారు పని రేడియో తీసుకున్నాడు; రోజూ పొద్దున్నే వచ్చి, వంతు ఎవరిదో పెద్దక్కను అడిగి, తాళంచెవి తీసుకుపోయి, పని అయ్యాక తిరిగిచ్చేవాడు. మామ పట్నం యార్డులో మూటలు మోసే పనికి కుదిరాడని తరువాత తెలిసింది.

పెద్దక్క తోడికోడలికి ఏదో ఒకటి పంపడం మొదలుపెట్టింది. ఒకనాడు బియ్యం, ఒకనాడు తమ ఇంట్లో వండిన కూర, ఒకనాడు పిల్లకు బిస్కెట్లు. ఒకరోజు తానే గిన్నె తీసుకుని వెళితే ఆమె గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"వద్దక్కా, ఇంక తేకు. నీ చెట్లు ఎండబెట్టుకుని మాకు నీళ్ళిచ్చావు. పైగా నీ ఇంటి తిండి కూడా తినాలంటే సిగ్గేస్తోంది నాకు."

పెద్దక్క గిన్నె ఆమె చేతిలో కుక్కి, చెప్పులు తొడుక్కున్నానో లేదో కూడా చూసుకోకుండా వెనక్కి వచ్చేసింది.

నిమ్మతోటలవాళ్ళ దగ్గర ఒక పాత పనితనం ఉంది. నీళ్ళు పుష్కలంగా ఉన్న ఏళ్ళలో కూడా కొన్నాళ్ళు చెట్టుకు కావాలనే నీళ్ళు ఆపుతారు. ఆకు ముడుచుకుని రాలేదాకా ఎండగడతారు. దీన్ని బెట్ట పెట్టడమంటారు. ఆ తరువాత ఒక్కసారిగా నిండా తడి ఇస్తారు. చావు అంచుదాకా పోయివచ్చిన చెట్టు, కాలం కాని కాలంలో, ఒళ్ళెరగకుండా పూస్తుంది. ఎవరి దగ్గరా కాయ లేనప్పుడు కాయ చేతికొస్తుంది. పెద్దక్క కాపురానికి వచ్చిన నాటినుంచి ఈ పని చేస్తూనే ఉంది. వాడలోని కోడళ్ళకు నేర్పిందీ ఆవిడే. అయినా ఆ మధ్యాహ్నం ఆవిడకు ఇది తట్టలేదు. చచ్చిపోతున్నదాని గొంతులో గుక్కెడు నీళ్ళు పోస్తున్నాననే అనుకుంది. కరువు పెట్టిన బెట్టకు తాను తడి ఇస్తున్నానని అనుకోలేదు.

కొత్త చిగుళ్ళ సందుల్లో ఆవగింజంత తెల్లటి మొగ్గలు కనిపించిన పొద్దున ఆవిడ చెట్టు మొదట్లో కూలబడింది. తోటలన్నీ ఎండి ఉన్న వాడలో ఒక్క తోట పూస్తే ఇంక సాక్షులతో పని లేదు. ఆ పూత ఎందుకు వచ్చిందో ఏ ఇంట్లో పసివాళ్ళనడిగినా చెబుతారు.

ఆవిడ లేచి మొగ్గలు గిల్లడం మొదలుపెట్టింది. ఒక కొమ్మ అయ్యేసరికే ముళ్ళు గీరుకుని చేతులు ఎర్రబడ్డాయి. వెనకనుంచి తుమ్ము వినిపించింది.

"ఏంటే, పొద్దున్నే చెట్లెక్కుతున్నావు?"

"పురుగు పట్టింది. గిల్లేస్తున్నా."

"పురుగా? ఏదీ, చూడనీ." ఆయన కళ్ళద్దాలు సవరించుకుని కొమ్మ వంచాడు. "ఇవి మొగ్గలు కదే! నీళ్ళు లేకుండా ఎలా..." మాట సగంలో ఆపి, మొగ్గలను వదిలి, ఆవిడ మొహంలోకి చూశాడు. "ఏం చేశావే?"

ఆవిడ గిల్లుతూనే ఉంది. ఆయన రెండోసారి అడగలేదు. ఇంట్లోకి పోయి నిచ్చెన తెచ్చుకుని, పక్క చెట్టుకు వేసి, తానూ గిల్లడం మొదలుపెట్టాడు. జీవితంలో ఒకరి గడ్డిపోచ ముట్టి ఎరగని మనిషి. ఆ సాయం ఆవిడకు చెంపదెబ్బలా తగిలింది.

రెండు జతల చేతులు ఎన్ని మొగ్గలని గిల్లగలవు? అందినవి అందగా, అందనివి పై కొమ్మల్లో తెల్లబడుతూ వచ్చాయి. ఒక తెల్లవారుజామున ఆవిడ వాసనకే మేలుకుంది. తోట పూసింది. కిటికీ మూసినా, తలుపు కింద గుడ్డ దోపినా, ఆ వాసన తియ్యగా, నిబ్బరంగా ఇంటిలోకి వచ్చింది. ఇంట్లోంచి సందులోకి, సందులోంచి తొట్టి గట్టు మీదికి పోయింది. ఆవిడ పక్కన తుమ్ములాయన నిశ్చింతగా నిద్రపోతున్నాడు.

వంతు ఎవరిదని అడగడానికి ఆ పొద్దున ఎవరూ రాలేదు. రేడియో గేటు ముందునుంచే పోయాడు, తల వంచుకుని, పల్లెత్తు మాట లేకుండా. అతను నోరు మూసుకుని ఒకరి ఇల్లు దాటడం వాడలో అదే మొదలు.

ఎండెక్కాక తోడికోడలు వచ్చింది. ఇంట్లోకి రాకుండా తిన్నగా తోటలోకి నడిచి ఒక చెట్టు కింద నిలబడింది. రాలిన రేకులు ఆమె భుజాల మీద పడుతున్నాయి.

"అక్కా."

"రా."

"ఎంత బాగా పూసిందో."

పెద్దక్క ఆమె వైపు ఒక అడుగు వేసింది.

"తలుపులేసుకున్నా లోపలికొస్తోంది. పిల్ల అడిగింది, అమ్మా ఏంటీ మంచి వాసనా అని. మన చిక్కుడు మడిదే తల్లీ అన్నాను."

"చిన్నదానా..."

"ఉండక్కా, నన్ను చెప్పనీ. నీళ్ళు కావాలంటే నన్ను అడగకూడదా? పోతే పిందె పోనీ, నా వంతు నువ్వే తీసుకో అనేదాన్ని కదా. అడిగితే ఇచ్చేదాన్నే, ఒట్టు. అదే నాకు..." ఆమె భుజాల మీది రేకులు దులిపేసుకుంది. "నువ్వు పంపిన గిన్నెలు తోమి వెనక్కి పంపాను. సిగ్గుపడుతూ తిన్నాను, తెలుసా? అక్కకి ఎప్పటికి రుణం తీర్చుకుంటానా అనుకుంటూ తిన్నాను."

"తప్పయిపోయిందే."

"నాకు చెబితే ఏమొస్తుంది? నా చిక్కుడుదేముంది, వానొస్తే మళ్ళీ గింజ పెట్టుకుంటా. మామ పేరు మళ్ళీ మొలుస్తుందా?"

ఆ మధ్యాహ్నం బస్సుకు పెద్దక్క పట్నం వెళ్ళింది. యార్డులో ఒకప్పుడు తమ వాడ బుట్టలతో నిండిపోయే అరుగుల మీద పరాయి లారీల ఉల్లిపాయ బస్తాలున్నాయి. మోటారు మామ వీపు మీద బస్తాతో వస్తూ ఆవిడను చూసి ఆగాడు. బస్తా దించి, తలగుడ్డతో దాని మీది దుమ్ము దులిపాడు.

"కూర్చోండి పెద్దక్కా. మోకాలు ఎలా ఉంది?"

ఆవిడ కూర్చోలేదు. "మామా, ఆ నీళ్ళు నేనే తీశాను."

ఆయన తలగుడ్డను మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"నేను తియ్యలేదని నాకు తెలుసు కదా. ఆ మాట నాకు చెప్పడానికి ఇంత దూరం రావాలా? తెలియనివాళ్ళు అక్కడున్నారు."

"అక్కడా తెలిసిపోయింది. తోట పూసింది."

"వాసన చూసి తెలుసుకోవడం వేరు, మీ నోటినుంచి వినడం వేరు. నేను మిమ్మల్ని షెడ్డులో అడిగాను పెద్దక్కా. అందరి ముందూ అడిగాను." ఆయన బస్తాను మళ్ళీ వీపుకెత్తుకున్నాడు. "మీరు చెప్పే రోజున కబురంపండి, వస్తాను. అంతకుముందు రాను."

మరుసటి రోజు సాయంత్రం షెడ్డు నిండింది. పిలిచింది పెద్దక్క, ఎందుకు పిలిచిందో తెలియనివాళ్ళు లేరు. మోటారు మామ లోపలికి రాకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆవిడ లేచి నోరు తెరవబోయేసరికి రేడియో అడ్డుపడ్డాడు.

"ఎందుకులే పెద్దక్కా, అయిందేదో అయింది. తొట్టికి బీట పడిందనుకుందాం, నేలలోకి ఇంకిపోయాయనుకుందాం. మామ రేపట్నుంచి పనిలోకొస్తాడు. ఏమయ్యా, ఏమంటారు?"

అందరూ తలలూపారు, అవసరానికి మించిన తొందరతో. అప్పుడావిడకు అర్థమైంది. వాళ్ళు తన పరువు కాయడం లేదు. ఎండకు మొహం తిప్పుకున్నాడని నవ్వి ఒక మనిషిని వెళ్ళగొట్టినది వాళ్ళందరూనూ. ఆవిడ చెప్పకపోతే వాళ్ళూ ఏదీ ఒప్పుకోనక్కర్లేదు. తొట్టికి బీట పడితే అందరూ మంచివాళ్ళే. ఆవిడ ఊఁ అంటే చాలు, కావాలంటే ఊఁ కూడా అనక్కర్లేదు, కూర్చుంటే చాలు. కూర్చోవాలని ఆవిడకు ఎంతగా అనిపించిందంటే చేయి తనకు తానే గోనెసంచిని తడిమింది.

"తొట్టికి బీట పడలేదు" అంది. "ట్యాంకరు ఆగిందా అని నువ్వడిగావు. చూడలేదన్నాను. ట్యాంకరు రాలేదు కాబట్టి చూడలేదు. నీళ్ళు నేను తీశాను. తీసి నా చెట్లకు పెట్టుకున్నాను. తడి కనబడకుండా ఆకులు కప్పాను. చిక్కుడు మడి పోయింది నా వల్ల." తోడికోడలి వైపు చూడలేక చూపు నేల మీదే ఉంచింది. "నేను అమ్ముకునేవాడినా అని మామ నన్నడిగితే, అందరూ ఎలా అంటే అలా అన్నాను. తాళంచెవి ఈ చేత్తో పుచ్చుకున్నాను. అప్పుడు నాకు అన్నీ తెలుసు."

పైకప్పు రేకులు చల్లబడుతూ టకటకమన్నాయి. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. చివరికి రేడియోయే, గొంతు సవరించుకుని, తోటవాడు అడగవలసినదే అడిగాడు.

"మరి ఆ పూత?"

"దులిపేస్తున్నాం. కాయ నిలిస్తే చెట్టు నిలవదు. ఇంకో తడి ఎక్కడుంది? ఉన్న కాస్త సత్తువ పూతకే పోయింది. దులిపినా సగం చెట్లు దక్కవు." ఆవిడ గొంతులో జాలి కోరుకోవడం లేదు, పాఠం చెప్పినట్టే చెప్పింది. "ఊరికే వదిలేసి ఉంటే బతికేవేమో."

తాళంచెవులు రెండూ తీసి తూకపు బల్ల మీద పెట్టింది. మోటారు మామ అప్పుడు లోపలికి వచ్చి తనది తీసుకున్నాడు. రెండోది అక్కడే ఉండిపోయింది.

"రెండూ నువ్వే పెట్టుకో మామా" అన్నాడు రేడియో, సర్దిచెబుతున్నట్టు.

"నాకొద్దయ్యా. రెండూ నా దగ్గరుంటే, ఈసారి తుమ్మినా దొంగనే అంటావు." తుమ్ములాయన మొహం కందిపోయింది. ఎవరూ నవ్వలేదు. "ఆమెకివ్వండి. పోగొట్టుకున్నది ఆమె."

తోడికోడలు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. కాసేపటికి లేచి, బల్ల దగ్గరికి వచ్చి, పెద్దక్కను తాకకుండా చుట్టూ తిరిగి, తాళంచెవి తీసుకుని వెళ్ళి తన చోట కూర్చుంది. పెద్దక్క కూడా కూర్చుంది. ఎప్పుడూ కూర్చునే బల్ల పక్కన కాదు, దొరికిన చోట.

"ఇంతకీ ఇవాళ వంతు ఎవరిది పెద్దక్కా?"

వెనకనుంచి టమాటా మడి ముసలాయన అడిగాడు. చెవులు సరిగా వినపడని మనిషి, అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. తలలన్నీ, అలవాటు కొద్దీ, ఆవిడ వైపు తిరిగాయి. ఆవిడ పెదవులు అప్పటికే విడివడ్డాయి. మరుక్షణం ఒక్కొక్క తలా పక్కకు తిరిగిపోయింది. ఆవిడ నోరు మూసుకుంది.

"కీరదోస మడిది అనుకుంటా..." అంది తోడికోడలు, తడబడుతూ.

"కీర కాదు, వంకాయ" అన్నాడు రేడియో.

"వంకాయ మొన్ననే తడిసింది కదయ్యా!"

"మొన్న తడిసింది పై మడి. కింది మడి సంగతేంటి?"

వాళ్ళు వాదించుకుంటున్నారు. వంతు ఎవరిదో పెద్దక్కకు తెలుసు. గోనెసంచి మీద, అందరితో పాటు, వాళ్ళు తేల్చేదాకా కూర్చుని ఉంది.